కళావస్తు సేకరణలో తరించిన నవాబు మూడవ సాలార్‌జంగ్

మానవులకు గల అభిరుచులు అనేక విధములు. కొందరికి వేట మీద మనసు, కొందరికి గుర్రపు పందెముల మీద మోజు, మరికొందరికి తపాలా బిళ్ళలు, నాణెములు కూర్చుకొనుటలో ఆనందం. సంపన్నుల అభిరుచులు తరచుగా వారితోనే పుట్టి వారితోనే గిట్టిపోతాయి. అవి లోకానికి ఉపయోగపడడం అరుదు. అట్టి అరుదైన అభిరుచి కలిగి, దానికే తన జీవితాన్ని, ధనాన్ని ధారపోసిన వ్యక్తి ఒకరు మన హైదరాబాదు నగరంలో ఉండేవారు. వారే నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ బహదూర్, మూడవ సాలార్‌జంగ్.

మూసీ నది దక్షిణపు గట్టున గల సాలార్‌జంగ్ మ్యూజియమును చూసినవారు లక్షలాది మంది. అక్కడి సంగీత గడియారం ముందు కూర్చుండి, గంట కొట్టడానికి బయటికి వచ్చే చిన్న బొమ్మ మనిషి కోసం ఎదురు చూడని పిల్లలు లేరు. అయితే ఆ వస్తువులన్నింటినీ ఒక్కచోటికి చేర్చిన మనిషి ఎవరు, ఆయన జీవితం ఎట్లా గడిచింది, ఆయన మరణానంతరం ఆ సంపద చెల్లాచెదరు కాకుండా ఎట్లా నిలిచింది అని ఆలోచించేవారు తక్కువ. ఆ సంగతులను మా విద్యార్థి మిత్రులకు తెలియజేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

వంశ చరిత్ర

సాలార్‌జంగుల వంశం ఆసఫ్‌జాహీ రాజ్యానికి వరుసగా దివానులను అందించిన వంశం. హైదరాబాదు వాసులకు సుపరిచితమైన మీర్ ఆలం చెరువు ఈ వంశంతో సంబంధం గల మీర్ ఆలం పేరిటనే వెలసింది. అర్ధచంద్రాకారపు కమానులను ఒకదాని ప్రక్క ఒకటిగా నిలిపి కట్టిన ఆ చెరువు కట్టను ఇంజనీర్లు నేటికీ మెచ్చుకుంటారు. మీర్ ఆలం 1804 నుండి 1808 వరకు దివానుగా ఉన్నారు. ఆ తరువాత మునీరుల్‌ముల్క్, సిరాజుల్‌ముల్క్ అదే పదవిని నిర్వహించారు.

1853లో సిరాజుల్‌ముల్క్ మరణించగా ఆయన అన్న కుమారుడైన మీర్ తురాబ్ అలీ ఖాన్ దివాను అయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరాలు. ఆయనే మొదటి సాలార్‌జంగ్. ఖాళీగా ఉన్న ఖజానాను, అదుపు తప్పిన సైన్యాన్ని, అప్పులిచ్చిన షావుకార్ల చేతిలో చిక్కిన జిల్లాలను చక్కదిద్ది, జిల్లాబందీ పద్ధతిని నెలకొల్పి, 30 సంవత్సరాలు పాలన సాగించి 1883లో కన్నుమూశారు. ఆయన 1876లో యూరపు పర్యటనకు వెళ్ళినప్పుడు రోమ్ నగరంలో ఒక పాలరాతి విగ్రహాన్ని కొన్నారు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ విగ్రహమే ముసుగు ధరించిన రెబెకా. ముఖం మీది పలుచని ముసుగు, దాని వెనుక కన్ను, ముక్కు, పెదవుల తీరు, అన్నీ ఒకే రాతిలో చెక్కి ఉంటాయి. రాయి ఎక్కడ ముగిసి వస్త్రం ఎక్కడ మొదలయినదో చూసేవారికి తోచదు. ఆ విగ్రహం హైదరాబాదు చేరిన నాటికి మన కథానాయకుడు ఇంకా పుట్టలేదు. కళావస్తువుల మీది మక్కువ ఆయనకు తాతగారి నుండి సంక్రమించినదని చెప్పడానికి ఆ విగ్రహమే చాలును.

బాల్యము, పదవి

మొదటి సాలార్‌జంగ్ కుమారుడు మీర్ లాయఖ్ అలీ ఖాన్, రెండవ సాలార్‌జంగ్. ఆయన కూడా 1884 నుండి 1887 వరకు దివానుగా ఉన్నారు. 1889 జూన్ 13వ తేదీన పూనా నగరంలో ఆయనకు ఒక కుమారుడు కలిగాడు. ఆ పసివాడే యూసుఫ్ అలీ ఖాన్. బిడ్డ పుట్టి నెల తిరుగకముందే తండ్రి కన్నుమూశారు. తండ్రి ముఖం ఎరుగని ఆ బాలునికి పుట్టుకతోనే పెద్ద జాగీరు, గొప్ప పేరు, పాత దేవిడీ దక్కాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ బాలుని బాగోగులు కనిపెట్టారు. ఆస్తి అంతా యుక్తవయస్సు వచ్చేవరకు ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్నది. ఆంగ్ల విద్యతో పాటు ఇంటి సంప్రదాయం ప్రకారం అరబీ, ఫార్సీ, ఉర్దూ సాహిత్యాల పరిచయం కలిగింది. నిజాం కళాశాలలో చదువు సాగింది.

1911లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె ఎక్కారు. 1912లో మహారాజా కిషన్ పర్షాద్ స్థానంలో యూసుఫ్ అలీ ఖాన్ దివానుగా నియమితులయ్యారు. తాతగారి కన్న కూడా ఒక సంవత్సరం చిన్న వయస్సులో, 23వ ఏట, ఆ పదవి వారిని వరించింది. కాని తాత కాలం వేరు, మనుమని కాలం వేరు. తాతగారు బాలుడైన ప్రభువు తరఫున రాజ్యం నడిపిన దివాను. మనుమని కాలానికి ప్రభువు యువకుడు, రాజ్యవ్యవహారాలను స్వయంగా చూచుకొనదలచినవారు. రెండు సంవత్సరాలు దాటిన తరువాత, 1914 చివరలో యూసుఫ్ అలీ ఖాన్ దివాను పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ తరువాత 1919లో కార్యనిర్వాహక మండలి ఏర్పడే వరకు నిజాం ప్రభువే దివాను లేకుండా పాలన సాగించారు.

25 సంవత్సరాల వయస్సుకే పదవి ముగిసింది. వివాహం చేసుకొనలేదు. తీరిక ఉన్నది, ధనం ఉన్నది. ఆ స్థితిలో ఉన్న జాగీర్దార్లు ఎందరో విలాసాలలో మునిగి తమ వంశాల ఆస్తిని కరిగించిన ఉదాహరణలు దక్కను చరిత్రలో కావలసినన్ని ఉన్నాయి. యూసుఫ్ అలీ ఖాన్ గారు మాత్రం వేరొక త్రోవ త్రొక్కారు. మిగిలిన 34 సంవత్సరాల జీవితం కళావస్తువుల అన్వేషణలో గడిచింది.

అన్వేషణ, సేకరణ

నవాబు గారు వస్తువులను సేకరించిన తీరు తెలుసుకొనదగినది. విదేశాలలో వారికి ప్రతినిధులు ఉండేవారు. పేరుపొందిన పురావస్తు వర్తకుల వద్ద అమ్మకానికి వచ్చిన వస్తువుల జాబితాలను వారు హైదరాబాదుకు పంపేవారు. జాబితాల మీదనే ఆధారపడక నవాబు గారు స్వయంగా యూరపు దేశాలకు, మధ్యప్రాచ్య దేశాలకు వెళ్ళి వస్తువులను చూచి కొన్నారు. ఇక వారి నివాసమైన దివాన్ దేవిడీకి దేశదేశాల అమ్మకందార్లు వచ్చి చేరేవారు. ఈ వార్త లోకమంతా ప్రాకడం వల్ల, అమ్మదలచినవాడు కొనేవాని ఇల్లు వెదకుకొంటూ రావడం పరిపాటి అయినది.

ఇటువంటి వేటలో ప్రమాదం లేకపోలేదు. ప్రతి పాత వస్తువుతోను ఒక కథ వస్తుంది. ఇది ఫలానా చక్రవర్తి ధరించిన కత్తి, ఇది ఫలానా రాణి వాడిన పాత్ర అని అమ్మేవాడు చెబుతాడు. ధరలో సగం ఆ కథకే పోతుంది. వస్తువు మీద శాసనమో, ముద్రో, తేదీయో ఉంటే కథకు బలం చేకూరుతుంది. లేకపోతే చూపరి కన్నే ప్రమాణం. నవాబు గారి సేకరణలో ఈ రెండు రకాల వస్తువులూ కనిపిస్తాయి. జేడ్ అనే పచ్చరాతితో చేసిన ఖురాన్ పీఠం, అనగా రెహల్, ఒకటి ఉన్నది. దాని మీద ఢిల్లీ సుల్తాను షంసుద్దీన్ ఇల్తుత్‌మిష్ పేరు చెక్కి ఉన్నది. అదే రాతితో చేసిన విలుకాని ఉంగరం ఒకటి షాజహాన్ బిరుదును తెలుపుతున్నది. ఇక టిప్పు సుల్తానుకు ఫ్రెంచి రాజు కానుకగా పంపినవని చెప్పే దంతపు కుర్చీలకు ఆధారం పరంపరగా వచ్చిన మాట. నవాబు గారు తమ జీవితంలో చివరిగా సంపాదించిన వస్తువులు ఆ కుర్చీలే అని చెబుతారు.

వారి అభిరుచికి ఎల్లలు లేవు. చీనా పింగాణీ, జపాను ఖడ్గములు, పారశీక తివాచీలు, ఫ్రెంచి ఫర్నిచరు, వెనిస్ గాజు సామాను, మొగలాయి, దక్కనీ సూక్ష్మచిత్రాలు, మన బీదరు పనివారి హుక్కాలు, పాందానులు, చేతికర్రలు, గడియారాలు, అన్నింటికీ దివాన్ దేవిడీలో చోటు దొరికింది. పిల్లల ఆటబొమ్మలు సైతం అక్కడ చేరాయి. తండ్రిని ఎరుగక పెరిగి, సంతానం లేకుండా గడిపిన మనిషి ఆటబొమ్మలను ప్రేమతో కూర్చుకొనడం చూస్తే మా హృదయం ఆర్ద్రమవుతుంది.

కొన్ని వస్తువులను గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే కొయ్య దుంగలో చెక్కిన జంట శిల్పం ఒకటి ఉన్నది. ముందు వైపు చూస్తే గర్వంగా తల ఎత్తిన మెఫిస్టోఫిలిస్ అనే సైతాను. వెనుక నిలిపిన అద్దంలో చూస్తే తల వంచి నిలిచిన మార్గరెట్టా అనే అమాయక యువతి. జర్మను మహాకవి గేటే రచించిన నాటకంలోని పాత్రలివి. మంచి చెడులు ఒకే కొయ్యలో వీపు వీపు చేర్చి నిలిచిన ఆ శిల్పం ముందు ఎంతటివాడైనా ఒక్క క్షణం ఆగక తప్పదు.

గ్రంథాల సేకరణ మరొక ఎత్తు. బాగ్దాదుకు చెందిన సుప్రసిద్ధ లేఖకుడు యాఖూత్ ముస్తాసిమీ చేతివ్రాతతో ఉన్న పవిత్ర ఖురాన్ ప్రతి ఒకటి ఈ భాండారంలో ఉన్నది. దాని మీద జహంగీరు, షాజహాను, ఔరంగజేబు చక్రవర్తుల చేవ్రాళ్ళు ఉన్నాయి. ఒకే గ్రంథాన్ని తాత, తండ్రి, మనుమడు వరుసగా కళ్ళకద్దుకొని తమ పేర్లు వ్రాసుకొన్నారన్నమాట. రాజ్యాలు కూలిపోయాయి, సింహాసనాలు చెదరిపోయాయి. ఆ కాగితం, ఆ సిరా మాత్రం నిలిచాయి.

నవాబు గారు వస్తువులను మాత్రమే కూడబెట్టారనుకొనడం పొరపాటు. వారు కవులను, రచయితలను ఆదరించారు. ఎన్నో గ్రంథాల ముద్రణకు తోడ్పడ్డారు. దక్కనీ భాషలోని పాత వ్రాతప్రతులను అచ్చు వేయించే కృషికి వారి పోషణ లభించింది. హైదరాబాదు నగర నిర్మాత, కవి అయిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితా సంపుటం డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారి సంపాదకత్వంలో 1940లో వెలువడింది. తెలుగు మాటలను తన కవిత్వంలో చేర్చుకొన్న ఆ సుల్తాను రచనలు ఉర్దూ వారికే కాక తెలుగు వారికి కూడా ఆప్తములు. వ్రాతప్రతి పెట్టెలో ఉంటే ఒకరి సొత్తు. అచ్చు పడితే అందరి సొత్తు.

లోపములు

ఒక వ్యక్తిని గూర్చి వ్రాసేటప్పుడు గుణములను మాత్రమే ఏకరువు పెట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం. ఈ సేకరణలో ఎంపిక తక్కువని కళావిమర్శకులు అంటారు. ప్రపంచంలో సాటిలేని వస్తువు ప్రక్కనే సామాన్యమైన అలంకార సామగ్రి కనిపిస్తుంది. యూరపు చిత్రాలలో కానలెట్టో వంటి గొప్ప చిత్రకారుని పని ఉన్నది. ప్రసిద్ధ చిత్రాలకు ఎవరో చేసిన నకళ్ళు కూడా ఉన్నాయి. ఇది ఒక మనిషి మక్కువ పడి కూర్చిన సంపద. పండితుల సంఘం నిర్ణయించి కూర్చినది అయితే ఇంకొక విధంగా ఉండేది.

అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. ఈ వస్తువులకు చెల్లించిన ధనం ఎవరిది? అది జాగీరు గ్రామాల నుండి వచ్చిన ఆదాయం. ఎండలో, వానలో నాగలి పట్టిన రైతులు కట్టిన శిస్తు. పాలరాతి విగ్రహం వెనుక, పింగాణీ పాత్ర వెనుక ఆ రైతుల చెమట ఉన్నదని మనం మరువరాదు. ఆ ధనం వారి గ్రామాలలో బడులకో, బావులకో ఖర్చు కావలసినది అని ఎవరైనా వాదిస్తే ఆ వాదాన్ని మేము కాదనలేము. ఆ రైతుల ఋణం కొంతయినా తీరాలంటే ఆ వస్తువులు వారి బిడ్డలందరికీ చెందాలి. అది ఎట్లా జరిగిందో ఇకమీద చెబుతాము.

మరణము, తరువాతి కథ

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది. 1949 మార్చి 2వ తేదీన నవాబు గారు పరమపదించారు. అదే సంవత్సరం ఆగస్టు 15వ తేదీన జాగీర్ల రద్దు నిబంధన అమలులోకి వచ్చింది. మరి ఆరు నెలలు బ్రతికి ఉంటే తమ సేకరణకు ఆధారమైన ఆదాయం నిలిచిపోవడం వారు కళ్ళారా చూచి ఉండేవారు.

వారికి సంతానం లేదు. వారసులమని ముందుకు వచ్చిన బంధువులు అనేకులు. పంపకాలు జరిగి ఉంటే ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క ఇంటికి, అక్కడి నుండి ఒక్కొక్క అంగడికి, అక్కడి నుండి సముద్రాలు దాటి పోయి ఉండేది. నవాబు గారు ఎక్కడెక్కడి నుండి తెచ్చారో అక్కడికే అవి మరల తరలిపోయేవి. ఇది ఊహ మాత్రమే అనుకొనరాదు. మన అమరావతి స్తూపపు శిల్పఫలకాలు కొన్ని మద్రాసులో, కొన్ని లండను నగరంలో ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. ఒకసారి చెదరిన సంపదను మరల కూర్చడం ఎవరి తరము?

అదృష్టవశాత్తు ప్రభుత్వం వెంటనే మేలుకొన్నది. ఆస్తి నిర్వహణకు ఒక కమిటీ ఏర్పడింది. నాటి హైదరాబాదు పాలనాధిపతి యం.కె. వెల్లోడి గారికి ఈ వస్తువులతో ఒక మ్యూజియం నెలకొల్పాలనే ఆలోచన కలిగింది. ఆ పనికి ఆయన కళావిమర్శకుడు డాక్టర్ జేమ్స్ కజిన్స్ గారి సహాయం కోరారు. ఐర్లండు దేశస్థుడైన ఈ కజిన్స్ గారు తెలుగువారికి క్రొత్తవారు కారు. ఆయన మదనపల్లె కళాశాలలో ప్రధానాచార్యులుగా ఉన్న రోజులలోనే, 1919లో, రవీంద్రనాథ్ టాగూరు అక్కడ బస చేసి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి మార్చారు.

1951 డిసెంబరు 16వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలోనే మ్యూజియమును ప్రారంభించారు. ఒక నవాబు, ఆయన అతిథులు మాత్రమే తిరిగిన గదులలోకి రిక్షా లాగేవాడు, కూరగాయలు అమ్మే స్త్రీ, బడి పిల్లవాడు అడుగుపెట్టారు. 1958లో వారసులు రాజీకి వచ్చి, న్యాయస్థానం ద్వారా ఈ సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. తమ హక్కును వదులుకొన్న ఆ బంధువుల ఔదార్యాన్ని కూడా ఈ సందర్భంలో స్మరించడం మా విధి. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఈ మ్యూజియమును జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. మూసీ గట్టున క్రొత్త భవనానికి నెహ్రూ గారే 1963లో శంకుస్థాపన చేశారు. 1968లో హైదరాబాదులోనే జన్మించిన రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ గారి చేతుల మీదుగా ఆ భవనం ప్రారంభమైంది. 40 వేలకు మించిన కళాఖండాలు, 8 వేలకు మించిన వ్రాతప్రతులు, వేలాది అచ్చు గ్రంథాలు ఆ భవనానికి చేరాయి. గదులలో ప్రదర్శనకు పెట్టినది అందులో ఒక భాగం మాత్రమే.

నిజాం ప్రభువుల ఆభరణాల సంగతి దీనితో పోల్చి చూడదగినది. వాటి కోసం చాలా కాలం వ్యాజ్యాలు నడిచి, చివరకు 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలు చెల్లించి వాటిని కొనవలసి వచ్చింది. సాలార్‌జంగ్ సంపద అటువంటి బేరం లేకుండానే ప్రజల పరమైనది.

మనకు పాఠము

దివాన్ దేవిడీ నేడు పూర్వపు రూపంలో లేదు. దివానులు ఏలిన ఆ చోట బట్టల అంగళ్ళు వెలిశాయి. సేకరించినవాని ఇల్లు పోయి, సేకరించిన వస్తువులు నిలిచాయి. రెండేళ్ళ దివానుగా యూసుఫ్ అలీ ఖాన్ గారిని చరిత్రకారులు ఒక వాక్యంలో ముగిస్తారు. సేకరణకర్తగా వారి పేరు ఊరూరా తెలిసినది. పదవి వల్ల వచ్చే కీర్తికి, పని వల్ల వచ్చే కీర్తికి గల తారతమ్యం దీని వల్ల తేటతెల్లమవుతున్నది.

విద్యార్థి మిత్రులారా! నవాబు గారి ధనం మనకు లేదు. వారి దృష్టి మాత్రం మనం అలవరచుకొనవచ్చును. మన ఇండ్లలో తాతల నాటి ఫర్మానాలు, దస్తావేజులు, ఉత్తరాలు, తాళపత్రాలు, రాగి నాణెములు ఎన్ని చెదలపాలు అవుతున్నాయో లెక్క లేదు. వాటిని పాత కాగితాల వానికి వేయక, దుమ్ము దులిపి, ఎవరివో, ఏనాటివో వ్రాసి పెట్టుకొనుడు. తెలియని లిపి అయితే తెలిసిన పెద్దలకు చూపుడు. ఉర్దూ చదివినవారు ఫార్సీ కాగితాలను, తెలుగు చదివినవారు తాళపత్రాలను, ఒకరికొకరు చదివి చెప్పుకొనవచ్చును. మా కళాశాల వంటి చోట ఈ పని సులభంగా జరుగుతుంది.

అయితే ఒక హెచ్చరిక. శిథిలమైన కోటలో, గోరీలో, గుడిలో ఉన్న వస్తువును పెకలించి ఇంటికి తెచ్చుకొనడం సేకరణ అనిపించుకొనదు. ఉన్నచోటి నుండి తీసిన రాయి సగం చరిత్రను అక్కడే పోగొట్టుకొంటుంది. భూమిలో నిధి దొరికితే కలెక్టరు గారికి తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నది. నూరేళ్ళు దాటిన కళావస్తువులను దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం నిషేధించింది. నవాబు గారు కొన్నది అంగడిలో, చెల్లించినది రొక్కం. ఆ మర్యాదను మనం కూడా పాటించాలి.

తనకంటూ ఒక బిడ్డ లేని ఆ నవాబు కూర్చిన బొమ్మల ముందు నేడు దేశంలోని బిడ్డలందరూ నిలిచి కేరింతలు కొడుతున్నారు. వారసులు లేరని ఆయనను గూర్చి జాలిపడవలసిన అవసరం లేదు. మనమందరం ఆయన వారసులమే. వారసత్వం అనుభవించడంతో ముగియదు. దానిని చెదరనీయక తరువాతి తరానికి అందించే భారం కూడా మనదేనని మనవి చేస్తూ, ఆ మహనీయుని స్మృతికి మా నివాళులు అర్పిస్తున్నాము.